కొసలు గట్టిగా, మధ్య వదులుగా: నిత్య యోగంపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే. మొదలుపెట్టాం, కొన్నాళ్ళు బాగానే నడిచింది, తర్వాత చప్పబడిపోయింది. అందుకే ఆసనాల పేర్ల జోలికి ఎక్కువగా పోకుండా, రోజూ చేసే పనికి ప్రాణం ఎలా వస్తుందన్న దాని మీదే జవాబులు ఇస్తున్నాం. వీటిని రాసినవాళ్ళలో ఒకరు ఆసనాలు నేర్పేవారు, ఇంకొకరు పౌరోహిత్యం చేసేవారు. ఎవరి మాట ఏదో విడదీసి చూపలేదు.

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. పటమటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రెండేళ్ళుగా పొద్దున్నే ఫోన్లో వీడియో పెట్టుకుని యోగా చేస్తున్నాను. తర్వాత స్నానం, పూజ. రెండూ మానలేదు కానీ లోపల ఏమీ తగలడం లేదండీ. పళ్ళు తోముకున్నట్టే ఉంది. పైగా రెంటికీ కలిపి నాకు దొరికేది 25 నిమిషాలు. రెంటినీ ఒకటిగా చేసుకోవచ్చా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. అసలు వాటిని విడదీసింది మనమే. ఏ వ్రతమైనా గుర్తు తెచ్చుకోండి. ఆచమనం కాగానే పురోహితుడు "ప్రాణానాయమ్య" అంటాడు. మనం ముక్కు పట్టుకున్నట్టు పట్టుకుని వదిలేస్తాం. అక్కడ జరగాల్సింది ప్రాణాయామం. ఊపిరి నెమ్మదించాక చెప్పేది సంకల్పం. ఆ వరుస పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఊపిరి ఎగసిపడుతుంటే నోటితో చెప్పేది చెవికే ఎక్కదు.

ముందు స్నానం చేసేయండి. పూజగది ముందు చాప పరిచే చోటుంటే అక్కడే, లేదంటే హాల్లో తూర్పుముఖంగా. ఫోన్ వేరే గదిలో ఉండాలి. రెండేళ్ళు చేసినవారికి వీడియో అక్కర్లేదు. కళ్ళు తెర మీద, చెవులు ఎవరి గొంతు మీదో ఉంటే ఒంట్లో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? మీకు ఏమీ తగలకపోవడానికి మొదటి కారణం అదేనని మా అనుమానం. రెండోది కుక్కర్. పొయ్యి మీద కుక్కర్ పెట్టి కూర్చుంటే మనసంతా విజిళ్ళు లెక్కపెట్టడం మీదే ఉంటుంది. అది దించాకే కూర్చోండి, లేదా లేచాక పెట్టండి.

ఇక 25 నిమిషాల లెక్క. దీపం, ఆచమనానికి రెండు నిమిషాలు. సంకల్పం ఒక నిమిషం. మెడ, భుజాలు, చీలమండలు వదులు చేయడానికి మూడు. సూర్యనమస్కారాలు ఆరు, ఊపిరి వేగంతో చేస్తే ఒక్కోటి సుమారు నిమిషం. శవాసనం రెండు నిమిషాలు. నాడీశోధన మూడు. జపమో, ఊరికే కూర్చోవడమో అయిదు. చివర మూడు నిమిషాల్లో చిన్న బెల్లంముక్క నైవేద్యం, హారతి.

దీపం దగ్గర జరిగే పొరపాటు చెప్పుకోవాలి. వత్తి కుందె అంచు దాటి గోధుమగింజంత బయటికి ఉంటే చాలు. ఎక్కువ లాగితే నూనె అందక కొస మాడి పొగ చిమ్ముతుంది. రెండు వత్తులు కలిపి పేని, నువ్వుల నూనెలో పూర్తిగా తడిపాకే వెలిగించండి. ఇక అగరొత్తులు. మూసిన గదిలో రెండు కడ్డీలు ముట్టించి, ఆ పొగలోనే కూర్చుని దీర్ఘంగా ఊపిరి పీల్చేవాళ్ళు చాలామంది. ప్రాణాయామం చేస్తూ పొగ మింగడం ఏం పని? ధూపం, కర్పూరం చివరికి జరపండి. అదీ కిటికీ తీశాక. ఉబ్బసం ఉన్నవాళ్ళయితే అగరొత్తి ఊసే వద్దు, పువ్వు చాలు.

ఆచమనానికి నీళ్ళు ఎన్ని? అరచేతిని ఆవు చెవిలా గుంట చేస్తే అందులో ఒక మినపగింజ మునిగేటన్ని. ఉద్ధరిణితో కొద్దిగా పోసుకుంటే సరిపోతుంది. గ్లాసులోంచి ఒంపుకుని గుటుక్కున తాగడం ఆచమనం కాదు. కేశవ, నారాయణ, మాధవ నామాలకు ఒక్కో గుక్క, మొత్తం మూడు. చప్పుడు రాకూడదంటారు. అలా ప్రయత్నించి చూడండి, చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, సంకల్పం. మంత్రం కదా అని గబగబా అప్పజెప్పేస్తాం కానీ అందులో ఉన్నది అచ్చంగా చిరునామా. కల్పం, మన్వంతరం, కలియుగం ప్రథమ పాదం దగ్గర మొదలై జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఈశాన్యం, కృష్ణా గోదావరుల మధ్యదేశం అంటూ మీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది. సొంతిల్లయితే "స్వగృహే", అద్దె కొంపయితే "వసతిగృహే". ఓనరు ఎవరన్నది కూడా దేవుడి ముందు దాచలేదు మనవాళ్ళు! తర్వాత కాలం: సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. రోజూ మారేవి చివరి రెండే. గోడమీది క్యాలెండర్లో ఆ రెండూ చూసుకుని, మిగతాది నోటికి వచ్చేదాకా కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. విజయవాడ కృష్ణకు ఉత్తరపు ఒడ్డున ఉంది కాబట్టి "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" మీకు సరిగ్గా సరిపోతుంది. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో దిగితే ఆ మాట మారిపోవాలి. దక్షిణాన ఉన్నవాళ్ళు చాలామంది కృష్ణా కావేరుల మధ్య అంటారు. గుంటూరులో మీ పుట్టిల్లు ఉంటే అక్కడ చేసిన రోజు ఈ తేడా గమనించండి. రోజూ ఈ నిమిషంలో నేను ఏ ఏటి ఒడ్డున, ఏ తిథిన నిలబడి ఉన్నానో నోటితో చెప్పుకున్నాక చేసే నమస్కారం, వీడియో చూస్తూ చేసే నమస్కారం ఒకేలా ఉండవు. చివర్లో ఏం చేయబోతున్నారో తెలుగులోనే చెప్పుకోండి: "ఈ ఇరవై నిమిషాలు ఆరు సూర్యనమస్కారాలు, తొమ్మిది ఆవృత్తుల ప్రాణాయామం చేస్తున్నాను." అంకె చెప్పడం ముఖ్యం. చెప్పిన అంకె మధ్యలో తగ్గించబుద్ధి కాదు.

నాడీశోధన: కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమతో నాలుగు లెక్క పీల్చండి. ఉంగరపు వేలితో ఎడమ మూసి, కుడితో ఆరు లెక్క వదలండి. మళ్ళీ కుడితోనే నాలుగు పీల్చి, ఎడమతో ఆరు వదిలితే ఒక ఆవృత్తి. తొమ్మిదికి మూడు నిమిషాలు. బిగబట్టడం ఇప్పుడే వద్దు. వేలు ముక్కుదూలం ఎముక కింద మెత్తటి చోట ఆనితే చాలు. గట్టిగా నొక్కితే తల పక్కకి వాలుతుంది, మెడ పట్టేస్తుంది.

పది నిమిషాలే దొరికిన రోజు ఏం చేయాలి? రెండు కొసలూ కదపకండి. దీపం, సంకల్పం ఉండాల్సిందే. చివర హారతి ఉండాల్సిందే. మధ్యలో ఆరు నమస్కారాలు రెండు కావచ్చు, జపం 11 సార్లకు దిగవచ్చు. మామూలుగా అందరూ చేసేది దీనికి తలకిందులు: ఆసనాలు పూర్తిగా చేసి, టైం లేదని కూర్చోవడం ఎగ్గొట్టి పరుగెడతారు. మొదలూ చివరా లేని పనికి పళ్ళు తోముకున్నట్టు ఉండక ఇంకెలా ఉంటుంది?

ప్రశ్న: నేను దేవుణ్ణి నమ్మను. బ్రాడీపేటలో రూములో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. యోగా చేస్తే బుర్ర తేటగా ఉంటోంది కానీ నాలుగు రోజులు చేసి వారం మానేస్తున్నాను. పూజలు చేసేవాళ్ళకి కుదిరినంత క్రమం నాకెందుకు కుదరడం లేదు?
– ఒక అభ్యర్థి, గుంటూరు

జవాబు: పూజ చేసేవారు "ఈరోజు చేద్దామా వద్దా" అని ఆలోచించరు. స్నానం కాగానే చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోతుంది. మీకు లేనిది ఆ అగ్గిపెట్టే. నమ్మకం లేకపోయినా అలాంటి పని ఒకటి పెట్టుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు చాప పరిచి, దాని తలాపున రాగిచెంబులో నీళ్ళు పెట్టండి. లేచి ముఖం కడుక్కోగానే ఆ నీళ్ళు సగం తాగి చాప మీద నిలబడాలి. అయ్యాక మిగతా సగం కిటికీలో ఉన్న మొక్కకి పోయాలి. మొక్క లేకపోతే చిన్న తులసిమొక్క ఒకటి తెచ్చుకోండి. మీరు ఎగ్గొట్టిన సంగతి మూడో రోజుకి అదే వాడిపోయి చెబుతుంది.

రూములో ఇంకొకరు ఉంటే వాళ్ళు లేవకముందే అయిపోయేలా 15 నిమిషాలకు కుదించుకోండి. చదువుకునే కుర్చీ ముందే చాప వేయకండి. పుస్తకం కళ్ళబడితే సిలబస్ గుర్తొస్తుంది.

ప్రశ్న: మేం చర్చికి వెళ్ళే కుటుంబం. మా ఆవిడకి డాక్టరు యోగా చేయమన్నారు. సూర్యనమస్కారాల్లో మంత్రాలు చెప్పడం మాకు ఇబ్బంది. మంత్రం లేకపోతే ఫలితం రాదని క్లాసులో ఒకరన్నారట. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. కీళ్ళకు, కండరాలకు, ఊపిరికి కలిగే మేలు మంత్రం మీద ఆధారపడదు. మంత్రం చెప్పుకునేవారికి అది లెక్క తప్పకుండా, మనసు పక్కకి పోకుండా పట్టి ఉంచుతుంది. మీ ఆవిడ ఆ చోట తన ప్రార్థనలో ఒక్కో వాక్యం మనసులో అనుకోవచ్చు, ఊరికే ఒకటి రెండు అని లెక్కపెట్టుకోవచ్చు. నిలబడి చేతులు జోడించడం కూడా ఇబ్బందయితే అరచేతులు ఛాతీ మీద పెట్టుకోండి. క్లాసులో ఎవరైనా ఒత్తిడి చేస్తే అది యోగం మాట కాదు, వాళ్ళ మాట.

ప్రశ్న: నాకు 61. రిటైర్డ్ టీచర్ని. బీపీకి మాత్ర వేసుకుంటాను. రథసప్తమికి 108 సూర్యనమస్కారాలు చేయాలని నా కోరిక. పన్నెండు నామాలు ఎప్పుడు చెప్పాలి, ఊపిరి ఎక్కడ పీల్చాలి అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. కాస్త వివరంగా చెప్పండి.
– ఒక మాస్టారు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ముందు 108 సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు రోజుకు ఎన్ని చేస్తున్నారో రాయలేదు. పన్నెండు దాటకపోతే ఆ ఒక్కరోజు 108 చేయడం వద్దు. మణికట్లు, నడుము రెండూ వారం రోజులు మూలుగుతాయి. పన్నెండు నామాలకు పన్నెండు నమస్కారాలు నిండుగా చేస్తే రథసప్తమికి లోటేమీ లేదు. బీపీ ఉంది కాబట్టి డాక్టరుకి ఒక మాట చెప్పాకే అంకె పెంచండి.

నామాలు చెప్పే పద్ధతులు రెండు. ఒకటి, నమస్కారం మొదలుపెట్టే ముందు చేతులు జోడించి ఒక్క నామం చెప్పి, ఆ నమస్కారం మొత్తం మౌనంగా చేయడం. రెండోది, ఒక్కో భంగిమకు ఒక్కో నామం. మొదటిదే మీకు మంచిది. కదులుతూ పైకి మంత్రం చెబితే ఊపిరి లెక్క తప్పుతుంది. వరుస ఇది: మిత్రాయ, రవయే, సూర్యాయ, భానవే, ఖగాయ, పూష్ణే, హిరణ్యగర్భాయ, మరీచయే, ఆదిత్యాయ, సవిత్రే, అర్కాయ, భాస్కరాయ. ముందు ఓం, చివర నమః. అర్థం తెలిసి చెబితే రుచి వేరు. మిత్రుడంటే నేస్తం, ఖగుడంటే ఆకాశంలో సంచరించేవాడు, పూషుడు పోషించేవాడు, మరీచి అంటే కిరణం. అర్క అన్నది జిల్లేడు చెట్టు పేరు కూడా. రథసప్తమినాడు ఏడు జిల్లేడాకులు, రేగిపళ్ళు పెట్టుకుని తలస్నానం చేయడం అందుకే. ఆకు తెంపినప్పుడు కారే పాలు కంట్లో పడితే కన్నుకు ప్రమాదం. కాడ బాగా కడిగి, ఆరాకే తల మీద పెట్టుకోండి. మనవలకు పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త.

ఊపిరికి సూత్రం ఒక్కటే: ఛాతీ విచ్చుకుంటే పీల్చాలి, పొట్ట ముడుచుకుంటే వదలాలి. నిలబడి చేతులు జోడించి వదలండి. చేతులు పైకెత్తి పీల్చండి. ముందుకు వంగుతూ వదలండి. కుడికాలు వెనక్కి చాచి తల ఎత్తుతూ పీల్చండి. రెండో కాలు కూడా వెనక్కి పెట్టి నడుము పైకెత్తి వదలండి, ఇది పర్వతాసనం. తర్వాత మోకాళ్ళు, ఛాతీ, గడ్డం నేలకు ఆనించే సాష్టాంగ భంగిమ. ఇక్కడ వదిలిన ఊపిరిని అలాగే ఆపమంటారు. మీరు ఆపకండి, మెల్లిగా ఆడనివ్వండి. బోర్లా ఉండి ఛాతీ పైకెత్తే భుజంగాసనంలో పీల్చండి. మళ్ళీ పర్వతాసనంలో వదలండి. మొదట వెనక్కి వేసిన కాలు ముందుకు తెచ్చి పీల్చండి. రెండో కాలు తెచ్చి వంగి వదలండి. లేచి చేతులు పైకెత్తి పీల్చండి. చేతులు జోడించి వదలండి. మొత్తం పన్నెండు. తర్వాతి నమస్కారంలో ఎడమకాలు వెనక్కి. ఇది మరిచిపోయి ఎప్పుడూ కుడికాలే వేసేవాళ్ళకు నడుము ఒక పక్కే పట్టేస్తుంటుంది.

మీ వయసుకి మూడు చోట్ల మార్చుకోవాలి. ముందుకు వంగేటప్పుడు నేల అందుకోవాలని పంతం పట్టకుండా, గోడకు ఆనించిన కుర్చీ మీద రెండు చేతులూ పెట్టి ఆగండి. తల గుండె కంటే కిందికి పోదు. వంగి లేచేటప్పుడు ఒక ఊపిరి మధ్యలో ఆగి లేవండి. బీపీ మాత్ర వేసుకునేవారికి చటుక్కున లేస్తే కళ్ళు తిరగడం మామూలే. కాలు వెనక్కి వేసే భంగిమలో ముందుకాలి మోకాలు చీలమండ దాటి ముందుకు తూలకూడదు. వెనక మోకాలి కింద దుప్పటి మడత వేయండి. భుజంగాసనంలో చేతులతో నెట్టి లేవకండి, బొడ్డు నేల మీదే ఉంచండి. నడుంనొప్పి అని మానేసేవాళ్ళలో చాలామందికి అది ఈ భంగిమలోనే వస్తుంది. మణికట్టు నొప్పయితే వేళ్ళు బాగా విడదీసి, బరువు చూపుడువేలి మొదట్లోకి రానివ్వండి. అరచేతి మడమ మీదే మోపితే నొప్పి ఖాయం.

పొట్ట బిగించి విసురుగా ఊపిరి వదిలే కపాలభాతి మీకు వద్దు. గ్లకోమా అనే కంటిజబ్బు ఉంటే తల కిందికి పోయే భంగిమలన్నీ వద్దు.

మీ ఇల్లు మిర్చియార్డు వైపు అయితే ఇంకొక్క మాట. సీజన్లో ఘాటు గాల్లోనే ఉంటుంది. నోటితో పీల్చే శీతలి లాంటివి ఆ నెలల్లో మానేయండి. ముక్కులో జరిగే వడపోత నోట్లో జరగదు.

ప్రశ్న: జూన్ 21, యోగా దినోత్సవం అనగానే మా అపార్ట్‌మెంట్ డాబా మీద నలభైమంది చేరారు. టీషర్టులు, ఫోటోలు. జూలైకి ఆరుగురం మిగిలాం. యోగాతో నలుగురూ దగ్గరవుతారని అనుకున్నాను. దీన్ని నిలబెట్టడం ఎలా?
– అసోసియేషన్ కార్యదర్శి, విజయవాడ

జవాబు: ఆరుగురు మిగిలారంటే బాగా మిగిలారు. 2015 నుంచి ఏటా ఆ రోజు డాబాలూ మైదానాలూ నిండుతూనే ఉన్నాయి. మర్నాడు ఎంతమంది వస్తారన్నదే లెక్క.

ఆరుగురితోనే నడపండి. 5:45 అంటే 5:45కే మొదలవాలి. ఒక్కరున్నా సరే, వచ్చేవాళ్ళ కోసం ఆగొద్దు. 6:15కి ముగియాలి, ఇంకో ఆసనం అంటూ సాగదీయొద్దు. గంట క్లాసు పెడితే పిల్లల స్కూలు బస్సు ఉన్న ఇళ్ళ నుంచి ఎవరూ రాలేరు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటే సగం రోజులు అదే అడ్డం. తాళంచెవి వారానికి ఒకరి దగ్గర ఉంచండి. తాళంచెవి ఉన్నాయన మానలేడు, ఇది పనిచేసే కిటుకు. చాపకు చాప మధ్య రెండున్నర అడుగులు వదలండి. మైకు, స్పీకరు వద్దు. కింద ఫ్లాట్లలో నిద్రపోయేవాళ్ళతో తగువు తప్ప వాటితో వచ్చేదేమీ లేదు. లెక్కపెట్టే పని రోజుకొకరిది. బాగా వచ్చినవారే ఎప్పుడూ ముందు కూర్చుంటే మిగతావాళ్ళు ప్రేక్షకులైపోతారు.

మొదలూ ముగింపూ అందరికీ సరిపడేలా ఉండాలి. నిలబడి కళ్ళు మూసుకుని తొమ్మిది ఊపిర్లు, ఓంకారం అనాలనుకున్నవారు మనసులో అనుకుంటారు. చివర ఒకరికొకరు ఎదురుగా తిరిగి నమస్కారం పెట్టుకుని పేరు పెట్టి పలకరించుకోవాలి. "సుబ్బారావుగారూ, వస్తానండీ" అనాలి. ఇది వినడానికి చిన్నగా ఉంటుంది. కానీ ఒకే లిఫ్టులో పదేళ్ళు ఎక్కిదిగి ఫ్లాటు నంబరు తప్ప పేరు తెలియనివాళ్ళు మీ భవనంలోనే ఎంతమంది ఉన్నారో చూసుకోండి.

మూడు రోజులు ఎవరైనా రాకపోతే గ్రూపులో "ఎందుకు రాలేదు" అని పెట్టకండి, సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. ఒకరు ఫోన్ చేయాలి, లేదా వెళ్ళి తలుపు తట్టాలి. మోకాలు వాచి ఉండొచ్చు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉండొచ్చు. నెలలో ఒక ఆదివారం రాగిజావ కాచుకుని తాగండి. కార్తీకమాసంలో వనభోజనానికి ఉసిరిచెట్టు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఆ రోజు సంఖ్య మళ్ళీ నలభై అవుతుంది, చూస్తూ ఉండండి.

ప్రశ్న: రోహిణి కార్తెలో డాబా మీద చేయడం నరకంగా ఉంది. చాప మీద చేతులు జారుతున్నాయి. మానేయాలా?
– సత్యనారాయణపురం

జవాబు: మానొద్దు, చోటు మార్చండి. కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని తెల్లారుజామున కూడా వదులుతూనే ఉంటుంది. కింద ఇంట్లో, తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద చేయండి. రబ్బరు చాప చెమటకు జారుతుంది, దాని మీద నూలు తువ్వాలు కొద్దిగా తడిపి పరవండి. నమస్కారాలు సగానికి తగ్గించి, శవాసనం, శీతలి పెంచండి. నాలుక గొట్టంలా చుట్టలేనివారు పళ్ళు కలిపి సందుల్లోంచి పీలిస్తే సీత్కారి అవుతుంది, పని అదే. మే చివర్లో మన దగ్గర అయిదున్నర ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరిలో అది ఆరున్నర దాటుతుంది. సూర్యుణ్ణి నమ్ముకుంటే మీ వేళ ఏడాదిలో గంటకు పైగా జరుగుతుంది. గడియారాన్ని నమ్ముకోండి. చక్కెర జబ్బుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు చేయకుండా ముందు డాక్టరుని అడగండి.

ప్రశ్న: నెలసరి రోజుల్లో మా అత్తగారింట్లో దీపం పెట్టనివ్వరు. ఆ అయిదు రోజులూ యోగా కూడా ఆగిపోతోంది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టడానికి పది రోజులు పడుతోంది.
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం

జవాబు: దీపం సంగతి మీరూ మీ అత్తగారూ తేల్చుకోవాల్సింది, మేం వేలు పెట్టం. కానీ చాపకు మైల ఏమిటమ్మా? దీపం లేని రోజుల కోసం వేరే మొదలు పెట్టుకోండి: కిటికీ తెరిచి తూర్పుకి తిరిగి కూర్చోవడం. సూర్యుడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తలకిందులు భంగిమలు, పొట్ట బిగించేవి, కపాలభాతి వదిలేయండి. పాదాలు కలిపి కూర్చునే బద్ధకోణాసనం గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడిచి ముందుకు వంగే బాలాసనం దిండు మీద వాలి, నాడీశోధన తొమ్మిది ఆవృత్తులు, చివర శవాసనం. మొదటి రెండు రోజులు నొప్పి ఎక్కువైతే శవాసనమొక్కటే చేసినా ఆ రోజు చేసినట్టే లెక్క. రక్తస్రావం మామూలుకంటే ఎక్కువగా ఉన్నా, నొప్పి నెలనెలా పెరుగుతున్నా ఆసనాలతో సరిపెట్టుకోక డాక్టరుకి చూపించుకోండి.

ప్రశ్న: మండలం రోజులు మానకుండా చేస్తే అలవాటైపోతుందని విని 41 రోజులు మొక్కుకున్నాను. 26వ రోజు చేశాక జ్వరం వచ్చి తొమ్మిది రోజులు పడిపోయాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా?
– వన్‌టౌన్, విజయవాడ

జవాబు: భవానీ దీక్షలాంటిది అయితే దానికి నియమాలు వేరు, గురుభవానిని అడగండి. ఎర్రబట్ట, మాల, ఇరుముడి అన్నీ ఉన్న వ్రతం అది. మీరు మొక్కుకున్నది మీతో మీరు. దానికి 26 తర్వాత 27 వస్తుంది, ఒకటి రాదు.

ఇరవైఒక్క రోజులకో, నలభైఒక్క రోజులకో అలవాటు ఖాయమైపోతుందన్నది అందరికీ వర్తించే మాట కూడా కాదు. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే అలవాటుగా మారడానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. మధ్య అంకె 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. యోగసూత్రాలు చెప్పిన పతంజలి అయితే రోజుల అంకే చెప్పలేదు. చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందన్నాడు. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి, మూడోది జారిపోతుంది. జ్వరంతో ఉన్న ఒంటిని చాప మీదికి ఈడ్చడంలో ఆదరం లేదు.

జ్వరం విడిచాక రెండు రోజులు కూర్చుని నాడీశోధన మాత్రమే, అయిదు ఆవృత్తులు. మూడో రోజు పడుకుని చేసేవి: మోకాళ్ళు పొట్టకు హత్తుకోవడం, నడుము నెమ్మదిగా పక్కలకు తిప్పడం. అయిదో రోజు రెండు సూర్యనమస్కారాలు, తర్వాత రోజుకొకటి కలుపుకోండి. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నంతకాలం పెంచొద్దు. డెంగీ జ్వరం అయి ఉంటే ప్లేట్‌లెట్లు మామూలుకి వచ్చాయని డాక్టరు చెప్పేదాకా ఆసనాల జోలికి పోకండి.

ఈ తొమ్మిది రోజుల్లో దీపం ఎవరు పెట్టారో రాయలేదు. ఇంట్లో ఎవరైనా పెట్టి ఉంటే మీ 41 రోజుల పక్కన ఆ తొమ్మిదీ విడిగా వాళ్ళ పేరున రాసుకోండి. రేపు పొద్దున 27.